అక్కను అడగని పింఛను మాట

ఆదివారం పొద్దున నోబుయా సెలూన్‌లో కుర్చీ ఖాళీగా దొరకదు. తైపే నగరంలో మా జపాను వాళ్ళు చాలామందే ఉన్నారు. కంపెనీ పంపితే వచ్చినవాళ్ళు కొందరు, వచ్చి తిరిగి పోలేకపోయినవాళ్ళు కొందరు. వీళ్ళందరికీ గడ్డం గీయించుకోవడం ఒక సాకు మాత్రమే. ముఖం మీద వేడి తువ్వాలు కప్పించుకుని, సొంత భాషలో నాలుగు మాటలు మాట్లాడుకుంటే వారం పొడుగునా మోసిన బరువు దిగిపోతుంది. నోబుయా కత్తెర పట్టుకుని నవ్వుతూ వింటాడు. ఆయన భార్య సనాయే తువ్వాళ్ళు మడతపెడుతూ వింటుంది.

ఒక ఆదివారం, కొత్తగా వచ్చిన ఒకాయన పింఛను మాట ఎత్తాడు.

"ఇక్కడుంటూ కూడా మన దేశం పింఛనుకి మనంతట మనం డబ్బు కట్టుకోవచ్చటగా. మీలో ఎవరైనా కడుతున్నారా?"

 తువ్వాలు కిందనుంచి హతకెయామా గారి గొంతు వినిపించింది. ఆయన ఒక పెద్ద కంపెనీలో పనిచేసి రిటైరయినవాడు. ఆయన మాటకు ఆ సెలూన్‌లో ఎదురులేదు.

"ఎందుకయ్యా కట్టడం? బయట దేశంలో ఉన్న ఏళ్ళు కూడా లెక్కలోకి తీసుకుంటారు. నేను కనుక్కున్నాలే. హాయిగా నూడుల్స్ తిని నిద్రపో."

అందరూ నవ్వారు. నోబుయా కూడా నవ్వి, లోపల్లోపల ‘అమ్మయ్య’ అనుకున్నాడు.

హతకెయామా గారు అబద్ధం చెప్పలేదు. బయట దేశంలో గడిపిన ఏళ్ళను లెక్కలోకి తీసుకునే మాట నిజమే. ముసలితనంలో పింఛను అందుకునే అర్హత ఉందా లేదా అని చూసేటప్పుడు తీసుకుంటారు. ఎంత ఇవ్వాలో తేల్చేటప్పుడు తీసుకోరు. డబ్బు కట్టని ఏళ్ళకు డబ్బు రాదు. మధ్యలో మనిషి మంచాన పడితే ఏమవుతుందన్నది ఇంకో సంగతి. ఆ రెండు ప్రశ్నలూ ఆ రోజు ఎవరూ వేయలేదు. సగం నిజం చెవికి ఇంపుగా ఉంటుంది, మిగతా సగం కోసం ఎవరూ వెతుక్కోరు.

మరి నోబుయా ‘అమ్మయ్య’ అని ఎందుకనుకున్నాడు? డబ్బు మిగిలిందని కాదు. ఆయన పిసినారి కాడు. అక్కకు ఫోను చేయవలసిన అవసరం తప్పిందని.

ఈ సంగతి అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. నోబుయా సొంతూరు జపానులోని నాగావోకా. మంచు పడితే మొదటి అంతస్తు కిటికీలోంచి దిగి నడవాల్సిన ఊరు. తండ్రికి అక్కడ సెలూన్ ఉండేది. కొడుకు ఆ కుర్చీ వెనకే నిలబడతాడని ఊరంతా అనుకుంది. తండ్రి కూడా అనుకున్నాడు. నోబుయా మాత్రం స్నేహితుడి మాట పట్టుకుని, పెళ్ళాన్నీ, అయిదేళ్ళ కూతురు చినాత్సునూ తీసుకుని తైపేకు బయలుదేరాడు. తండ్రి మాట్లాడటం మానేశాడు. ఆ తండ్రి పక్షవాతంతో మంచం పట్టినప్పుడు, తర్వాత తల్లికి మతి తప్పినప్పుడు, ఇద్దరికీ చాకిరీ చేసింది అక్క ఫుమియే. బియ్యపు అప్పడాల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూనే చేసింది. భర్త పోయినా ఆగకుండా చేసింది.

ఊరు విడిచే ముందు నోబుయా మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి, బయట దేశం వెళ్తున్నానని రాసి ఇచ్చాడు. అక్కడి ఉద్యోగిని ఆయనకు చక్కగా విడమరచి చెప్పింది.

"బయట దేశంలో ఉన్నన్నాళ్ళూ మీరు పింఛనుకి డబ్బు కట్టాలన్న బలవంతం లేదండి. కావాలనుకుంటే కట్టుకోవచ్చు. కాకపోతే ఇక్కడ మీవాళ్ళు ఒకరు మీ తరఫున కాగితాలు అందుకుని కట్టిస్తూ ఉండాలి. మీకెవరైనా ఉన్నారా?"

"అక్క ఉందండీ."

"ఇంకేం మరి!"

ఆ మాట ఆమెకు ఎంత తేలికో ఆయనకు అంత బరువు. ఇంటి బాధ్యతంతా అక్క నెత్తిన పడేసి పోతున్నవాడు, ఏ ముఖం పెట్టుకుని ఇంకో పని చెప్పగలడు? ‘ఆలోచించి వస్తాను’ అన్నాడు. వంగి నమస్కరించి వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు.

మావాళ్ళకు ఒక జబ్బు ఉంది. ఎదుటివాళ్ళకు ఇబ్బంది కలిగిస్తామేమో అన్న భయం. పక్కింటి తలుపు తట్టే ముందే క్షమాపణ చెప్పుకుంటాం. బహుమతి ఇచ్చేటప్పుడు కూడా, ఇది పనికిరానిది, ఏమీ అనుకోకండి అంటూ ఇస్తాం. ప్రాణం పోయేటప్పుడు డాక్టరుకు శ్రమ ఇచ్చామని నొచ్చుకునేవాళ్ళను నేను చూశాను. బయటివాళ్ళు మా మర్యాదను చూసి ముచ్చటపడతారు. ఆ మర్యాద వెనక ఎన్ని నోళ్ళు మూతపడ్డాయో వాళ్ళకేం తెలుసు?

ఫుమియేకు ఈ పింఛను సంగతి తెలియదని అనుకోకండి. బాగా తెలుసు. వాళ్ళ వీధిలో ఓకుయామా అనే ఆవిడ బ్రెజిల్‌లో ఉన్న కొడుకు తరఫున ఇలాగే కడుతూ ఉండేది. అది చూసిన రోజునుంచి ఫుమియే తమ్ముడి నోటి మాట కోసం ఎదురుచూసింది. అడిగితే చేద్దామని. అడగకుండా తనే ఎత్తితే? తమ్ముడి సంపాదన మీద ఆరా తీసినట్టు ఉంటుంది. కడుతున్నావా అని అడిగితే కట్టలేని స్థితిలో ఉన్నాడేమో, సిగ్గుపడతాడేమో. ఇలా తనలో తనే తర్కించుకుని ఊరుకుంది.

రెండు మూడేళ్ళకోసారి నోబుయా కుటుంబం నాగావోకా వచ్చేది. అనాసపండు కేకుల పెట్టె తెచ్చేవాళ్ళు. వెళ్ళేటప్పుడు ఫుమియే సంచినిండా కొత్త బియ్యం ఇచ్చేది. వాన గురించి, బియ్యం ధర గురించి, చినాత్సు చదువు గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ఒకసారి బస్సు స్టాండులో, బస్సు కదలబోయే ముందు, ఫుమియే కిటికీ దగ్గరికి వచ్చి "ఒరే నోబూ" అంది. తమ్ముడు తల బయటికి పెట్టాడు. ఆమె పెదవి దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది.

"గొడుగు పెట్టుకున్నావా? వాన పడేలా ఉంది."

"పెట్టుకున్నానక్కా."

బస్సు కదిలింది. ఆ అక్కాతమ్ముళ్ళకు ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆ ప్రేమంతా గొడుగు దగ్గరే ఆగిపోయింది. తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది, వెంటనే జాలీ వేస్తుంది.

ఇలా ఇరవై ఏళ్ళు గడిచాయి. చినాత్సు పెద్దదై తైపేలోనే ఒక ట్యూషన్ సెంటరులో జపాను భాష చెబుతూ ఉంది. ఒక వానాకాలం మధ్యాహ్నం నోబుయా ఒకాయన గడ్డానికి నురుగు రాసి, కత్తి అందుకున్నాడు. కత్తి చేతిలోంచి జారి కింద పడింది. వంగి తీయబోయినవాడు మళ్ళీ లేవలేదు.

తండ్రికి వచ్చిన పక్షవాతమే యాభై రెండేళ్ళకే కొడుక్కీ వచ్చింది. తైపే డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు. అక్కడి వైద్య బీమా ఆసుపత్రి ఖర్చు చాలావరకు చూసుకుంది. కుడి చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. మాట ముద్దముద్దగా, ఆగి ఆగి వస్తోంది. చెయ్యి లేని మంగలికి సెలూన్ ఎందుకు? కుర్చీలు అమ్మేశారు. అద్దె కట్టుకుంటూ ఆ నగరంలో ఉండే దారి కనిపించలేదు. అప్పుడు ఫుమియే ఫోను చేసింది.

"వచ్చేయండి. కింద నాన్న షాపు ఖాళీగానే ఉంది, మంచం వేయిస్తా. ఇంకో మాట సనాయే. మా ఓకుయామా గారు చెప్పింది, ఇలా చెయ్యి పడిపోయినవాళ్ళకి కూడా పింఛను ఉంటుందట. వయసుతో పనిలేదట."

ఆ మాట సనాయేకు కొండంత ధైర్యాన్నిచ్చింది. డాక్టరు ఆమెకు గట్టిగా చెప్పి పంపాడు. మొదటి రెండేళ్ళే ముఖ్యం, రోజూ పక్కన మనిషి ఉండి చేతికి వ్యాయామం చేయించాలి, మాట్లాడించాలి, వదిలేస్తే బిగుసుకుపోతుంది అని. ఆ పింఛను వస్తే ఆమె ఏదో పూట పని చూసుకుని మిగతా పొద్దంతా భర్త పక్కనే ఉండవచ్చు. రాకపోతే పొద్దంతా పనికి పోవాలి, ఆయన ఒంటరిగా గోడలు చూస్తూ కూర్చోవాలి. కూతురు కొంచెం పంపుతానంది, కానీ దాని జీతం దాని అద్దెకే సరిపోదు. విమానంలో సనాయే భర్త బొటనవేలు మెల్లగా వంచుతూ, చాపుతూ కూర్చుంది.

నాగావోకా చేరిన వారానికే ముగ్గురూ పింఛను ఆఫీసుకు వెళ్ళారు. బల్ల అవతల నడివయసు ఉద్యోగిని ఒకామె కూర్చుని ఉంది. మెత్తగా మాట్లాడే మనిషి. నోబుయా చేతిని చూసి, కుర్చీ కొంచెం దగ్గరగా జరిపించింది.

"ఈ జబ్బుకి మొదటిసారి డాక్టరుకి ఎప్పుడు, ఎక్కడ చూపించారండీ?"

"తైపేలో," అంది సనాయే. "పడిపోయిన రోజే అంబులెన్సులో తీసుకెళ్ళాం."

"అప్పుడు ఈయన ఇక్కడి పింఛనులో చేరి ఉన్నారా? అంటే, బయట ఉంటూ తనంతట తాను కట్టుకుంటున్నారా?"

సనాయే భర్త వైపు చూసింది. భర్త అక్క వైపు చూడలేక బల్లకేసి చూశాడు.

"బయట ఉన్న ఏళ్ళు లెక్కలోకి వస్తాయని అందరూ అన్నారండీ," అంది సనాయే.

"వస్తాయండీ. అరవై అయిదేళ్ళకి వచ్చే పింఛనుకి అర్హత చూసేటప్పుడు వస్తాయి. ఆ పింఛనైనా మీరు ఇక్కడ కట్టిన ఏళ్ళ వరకే వస్తుంది. ఈ జబ్బు పింఛనుకి మాత్రం, డాక్టరుకి మొదట చూపించుకున్న రోజున చేరి ఉండాలి."

ఫుమియే ముందుకు వంగింది. "ఆ ఇరవై ఏళ్ళదీ ఇప్పుడు కట్టేస్తామమ్మా. నా దగ్గర దాచుకున్నది ఉంది. మొత్తం కట్టేస్తాను. రాసుకో."

ఉద్యోగిని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "వెనక్కి కట్టడానికి వీల్లేదండీ. చేరతానని అడిగిన రోజునుంచే మొదలవుతుంది. ఈయన తిరిగి వచ్చారు కాబట్టి ఇక ముందుకి చేరతారు. జరిగిపోయినదానికి మాత్రం నేనేం చేయలేను. క్షమించండి."

 అప్పుడు నోబుయా ఎడమ చేత్తో బల్ల అంచు పట్టుకుని లేచాడు. ఉద్యోగినికి వంగి నమస్కరించాడు. మాట కోసం పెదవులు చాలాసేపు వెతుక్కున్నాయి.

"మీకు... శ్రమ... ఇచ్చాను."

ఫుమియే ముఖం ఎర్రబడింది. చేతిసంచి అందుకుని ముందు నడిచింది.

దారిలో సోబా నూడుల్స్ అమ్మే హోటలు కనబడితే, ఇంటికెళ్ళి వండే ఓపిక లేక లోపలికి వెళ్ళారు. పళ్ళెంలో చుట్టలు చుట్టి పెట్టిన నూడుల్స్ వచ్చాయి. నోబుయా ఎడమ చేత్తో తినే పుల్లలు పట్టుకున్నాడు. ఒక చుట్ట ఎత్తితే జారిపోయింది. మళ్ళీ ఎత్తితే మళ్ళీ జారి ఒళ్ళో పడింది. అతను తలవంచుకుని మూడోసారి మొదలుపెట్టాడు.

"అమ్మాయ్, ఇక్కడొక ఫోర్కు ఇస్తావా?" అని కేకేసింది ఫుమియే.

"వద్దక్కా... వాళ్ళు... పనిలో ఉన్నారు."

అంతే. ఫుమియే చేతిలో పుల్లలు ఠపీమని బల్ల మీద పడ్డాయి.

"ఏమిట్రా పనిలో ఉండేది? ఫోర్కు తెచ్చివ్వడం వాళ్ళ పనే కదరా! ఇందాక అక్కడ చూశాను. నీ బతుకు మునిగిపోయిందని ఆవిడ చెప్తుంటే, నువ్వు లేచి ఆవిడకి దణ్ణం పెట్టి శ్రమ ఇచ్చానంటావా! మా ఓకుయామా గారు ఏడాదికోసారి వెళ్ళి కొడుకు కాగితం ఇచ్చి వచ్చేది. పోతూ పోతూ బజార్లో కూరలు కొనుక్కునేది. అంత పనిరా అది. నన్నెందుకు అడగలేదు?"

హోటల్లో అందరూ ఇటు తిరిగారు. మామూలుగా అయితే ఫుమియే సిగ్గుతో చచ్చిపోయేది. ఆ రోజు పట్టించుకోలేదు.

"అప్పటికే... నీ మీద... చాలా వేశానక్కా," అన్నాడు నోబుయా. "నాన్న... అమ్మ... అన్నీ నువ్వే."

"అవును, అన్నీ నేనే. వాళ్ళిద్దరి పక్కగుడ్డలు మార్చినదాన్ని, నీ కాగితం మోయలేకపోయేదాన్నా? నన్నంత పరాయిదాన్ని చేశావేంట్రా!"

 ఆమె కళ్ళు తుడుచుకుని చిన్నగా అంది.

"నిన్నని ఏం లాభం. నేను మాత్రం అడిగానా? తెలిసి తెలిసి ఊరుకున్నా. ఎప్పుడు అడగబోయినా, వీడి డబ్బు సంగతి నాకెందుకులే అనిపించేది."

"అలా కట్టుకోవచ్చని నాకూ తెలుసు వదినా," అంది సనాయే తలెత్తకుండా. "ఒకటి రెండుసార్లు ఈయనతో అనబోయాను. అక్కాతమ్ముళ్ళ మధ్య నేనెందుకని మానేశాను."

చూశారా! ఒక్క ఇంట్లో ముగ్గురు మనుషులు. ముగ్గురికీ తెలుసు. ఒకరిని ఒకరు నొప్పించకూడదని ముగ్గురూ నోరు కట్టుకున్నారు. ఇందులో దుర్మార్గుడు ఎవడూ లేడు. మోసం చేసినవాడూ లేడు. ఊరు విడిచేనాడు మున్సిపల్ ఆఫీసులో ఆమె దాచినదీ లేదు, ఆ రోజే అంతా చెప్పింది. ఒక్కరు, ఏ ఒక్కరైనా, ఏదో ఒక సాయంత్రం టీ తాగుతూ నోరు తెరిచి ఉంటే చాలు. వాన గురించి మాట్లాడుకున్నంత సేపు కూడా పట్టేది కాదు.

తర్వాతి నెలలో సనాయే స్టేషను దగ్గర భోజనం డబ్బాలు కట్టే ఫ్యాక్టరీలో చేరింది. తెల్లవారకముందే సైకిలు మీద వెళ్ళి, పొద్దుగూకాక వస్తుంది. వచ్చేసరికి వేళ్ళు చల్లటి అన్నానికి కొంకర్లు పోయి ఉంటాయి. అయినా ఆ వేళ్ళతోనే భర్త వేళ్ళు వంచి చాపుతుంది. కొన్నాళ్ళకు అలా చేస్తూ చేస్తూనే నిద్రపోవడం మొదలుపెట్టింది. నోబుయా కదలకుండా కూర్చునేవాడు, ఆమెకు మెలకువ వస్తుందని. పగలంతా ఫుమియే వచ్చి చూసుకునేది గాని, ఆమెకూ అరవై దాటాయి, మోకాళ్ళు అరిగాయి, గంటల తరబడి వ్యాయామం చేయించే ఓపిక లేదు. ఆమె తన ఫ్యాక్టరీ రోజుల్లో కట్టిన డబ్బుకు ఇప్పుడు పింఛను తీసుకుంటోంది. ఎవరి చెయ్యీ చూడకుండా బతుకుతోంది. ఆ పింఛను పడిన రోజున తమ్ముడి కోసం చేప కొని తెస్తుంది, అతను తలవంచుకుని తింటాడు. నోబుయా చేతివేళ్ళు చలికాలానికి ముడుచుకుపోయి మరి తెరుచుకోలేదు. డాక్టరు చెప్పిన రెండేళ్ళలో ఒక ఏడాది అలా పోయింది.

మరుసటి వేసవిలో ఒక ఆదివారం చినాత్సు ఫోనులో కనిపించింది. తల్లి పనిలో ఉంది. గదిలో నోబుయా ఒక్కడే ఉన్నాడు. కూతురు తన కొత్త గది చూపించింది, కిటికీలో పెంచుతున్న తులసి మొక్క చూపించింది. నోబుయా చాలాసేపు విని, ఒక్కో మాటే పేర్చుకుంటూ అడిగాడు.

"నువ్వు... పింఛను... కడుతున్నావా?"

"నాకిప్పుడే ఏంటి నాన్నా! ఇరవై ఆరేళ్ళేగా. తర్వాత చూస్తాలే. అయినా అది చేయాలంటే అత్త ఆఫీసుల చుట్టూ తిరగాలి కదా. పాపం అత్తకసలే మోకాళ్ళ నొప్పులు. అమ్మా నువ్వూ ఇప్పటికే ఆవిడ మీద పడ్డారు. ఇంకా నేను కూడానా? ఏం బావుంటుంది చెప్పు."

నోబుయా కూతురి ముఖం వైపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. అంత మంచి పిల్ల. అంత ఒద్దిక. ఆ ఒద్దిక ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకు తెలుసు. ఇంటి ఆస్తి అంటూ ఆ పిల్లకు తను ఇచ్చింది అదొక్కటే అనిపించింది.

"ఫోను... పెట్టెయ్యకు," అన్నాడు.

ఫోను చొక్కా జేబులో పెట్టుకుని ఎడమ చేత్తో కర్ర అందుకున్నాడు. గోడకు భుజం ఆనించుకుంటూ పెరటి వైపు నడిచాడు. అక్కడ ఫుమియే చిన్న ముక్కాలి పీట మీద కూర్చుని పచ్చి సోయా కాయలు కొమ్మలనుంచి తుంచుతోంది. తమ్ముడు ఒంటరిగా లేచి రావడం చూసి కంగారుగా లేవబోయింది.

"ఏరా, ఏమైంది? కేకేస్తే నేను రానా?"

"అక్కా." అతను నిలబడి ఊపిరి తీసుకున్నాడు. యాభై మూడేళ్ళ జీవితంలో ఆ మనిషి అలాంటి మాట ఎవరితోనూ అనలేదు. "నిన్ను... ఇబ్బంది... పెట్టాలి."

ఫుమియే చేతిలో కొమ్మ కింద పెట్టింది. "పెట్టరా," అంది.

"చినాత్సు పింఛను... నువ్వు... చూడాలి. ఆఫీసుకి... వెళ్ళాలి. ప్రతి ఏడూ."

చెప్పడం అయ్యాక అతని ముఖమంతా చెమట పట్టింది. కళ్ళు నిండాయి. ఇంత చిన్న మాటకు ఇన్నేళ్ళు పట్టిందా అని ఏడుపొచ్చింది. ఫుమియే కూడా ఏడ్చింది. తర్వాత ఒళ్ళో కాయలు పక్కన పోసి, చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని, తమ్ముడి జేబులోంచి ఫోను లాక్కుంది. తెరలో చినాత్సు బిక్కమొహం వేసుకుని ఉంది.

"అత్తా, నాన్న ఊరికే అంటున్నారు. నువ్వేం శ్రమపడకు. నీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాలేవే. రేపు పొద్దున్నే వెళ్తున్నా. ఏమేం కావాలో కనుక్కుని నీకు చెప్తా, నువ్వు సంతకాలు పెట్టి పంపు."  ఆమె గొంతులో కోపం లేదు. "ఇలా చూడు తల్లీ. అయినవాళ్ళని అడగాల్సింది అడగాల్సిన రోజునే అడగాలి. మీ నాన్న ఇరవై ఏళ్ళు నన్ను ఇబ్బంది పెట్టలేదు. ఆ ఇబ్బందంతా ఇప్పుడు మీ అమ్మ రోజూ తెల్లవారకుండా సైకిలు మీద మోసుకుపోతోంది. నువ్వు మాత్రం నన్ను ఈ రోజే ఇబ్బంది పెట్టమ్మా."